పాకాలలో ఒక సంతకం

మంగళవారం పొద్దున తొమ్మిదికల్లా ఆడిటరమ్మ దగ్గర కాగితాలు ఇచ్చేసి, పదకొండుకల్లా ఇంటికొచ్చి గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాలని దిల్షాద్ బీ అనుకుంది. ఆ ఏర్పాటులో భర్త షఫీవుల్లాకు ఏ పనీ పెట్టలేదు. ఆయనకు నచ్చనిది అదొక్కటే.

షఫీవుల్లా చిత్తూరు బజారులో ముప్పై ఏళ్లు ప్యాంట్లు కుట్టాడు. జనం రెడీమేడ్ దుకాణాల దారి పట్టాక అంగడి మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడన్నది మాట వరసకే. ఐదు నిమిషాలకోసారి లేచి గడియారం చూసేవాడు. వీధి తలుపు తీసేవాడు, మళ్లీ వేసేవాడు. నడుస్తున్న కుట్టుమిషను దగ్గర వంగి బెల్టు సరిగా ఉందో లేదో పరీక్షించి, కుట్టే మనిషిని బెదరగొట్టేవాడు.

గిరింపేటలోని ఆ ఇంటి ముందుగదిలో మోటార్లు బిగించిన మిషన్లు ఆరు ఉన్నాయి. దిల్షాద్ బీ, పక్కింటి సుబ్బులమ్మ కలిసి మూడేళ్ల కిందట ఒకే మిషనుతో గుడ్డసంచులు కుట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు మరో నలుగురు ఆడవాళ్ల ఇళ్లు కూడా ఆ సంచుల మీదే నడుస్తున్నాయి. వేలూరులో ఏడు మిఠాయి దుకాణాలున్న ఒక ఆసామి ఆ సంచులు చూసి ముచ్చటపడి, ఏడాది పొడవునా తనకే కుట్టి ఇమ్మన్నాడు. అయితే ఒప్పందం కంపెనీతో తప్ప మనుషులతో చేసుకోనన్నాడు.

"మడుసులం కావడం కూడా తప్పేనా అక్కా?" అని ఆశ్చర్యపోయింది సుబ్బులమ్మ.

తప్పో ఒప్పో, కంపెనీ పెట్టడానికి ఇద్దరూ సిద్ధపడ్డారు. ఆడిటరమ్మ లోహిత వాళ్ల ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, ఫోటోలు తీసుకుంది. కంపెనీ ఏం చేస్తుందో చెప్పే పత్రం ఒకటి, ఎలా నడుస్తుందో చెప్పే పత్రం ఇంకొకటి తయారుచేసింది. మొదటిదాన్ని చదివి తెలుగులో చెబుతుంటే సుబ్బులమ్మ మధ్యలో ఆపింది. "ప్రపంచంలో యాడైనా సంచులు అమ్మొచ్చు అని రాసినావు. నేను కాణిపాకం దాటి పోయిందే లేదు గదమ్మా!" అంది. పోనక్కర్లేదని, అలా రాసుకోవడం వాడుక అని లోహిత నచ్చజెప్పింది.

పేరు దొరకడం మరో కథ. వీళ్లు అనుకున్న పేర్లన్నీ అంతకు ముందే ఎవరో ఒకరు పెట్టుకుని ఉన్నారు. చివరికి ఇద్దరి పేర్లూ ముక్కలు చేసి అతికితే 'దిల్‌సుబ్' అని తేలింది. అలాంటి పేరు దేశంలో ఇంకెవరూ పెట్టుకోలేదు. వెంటనే మంజూరైంది. దాన్ని ఇరవై రోజులే అట్టిపెడతారనీ, ఆలోగా మిగతా కాగితాలన్నీ వెళ్లాలనీ లోహిత చెప్పింది. అందులో పదిహేను రోజులు సుబ్బులమ్మ డిజిటల్ సంతకానికే పోయాయి. దానికోసం ఫోనులో కెమెరా వైపు చూస్తూ తన పేరు తాను చెప్పాలి. ఆమె తల వంచుకుని నమస్కారం పెట్టి ఊరుకునేది. మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి కోపం వచ్చి కెమెరా వంక ఉరిమి చూస్తూ పేరు అరిచింది. అది చెల్లింది.

మంగళవారం ఇరవయ్యో రోజు.

లోహిత ఒక్కొక్క కాగితం తిరగేస్తూ కరెంటు బిల్లు దగ్గర ఆగింది. ఆఫీసు అడ్రసుకు రుజువుగా రెండు నెలల లోపు బిల్లు పెట్టాలని చెబితే ఆ ఉదయమే షఫీవుల్లా తెచ్చి ఇచ్చాడు. పని లేదన్నా ఆయన వెంట వచ్చింది ఆ వంకతోనే.

"ఇల్లు ఎవరి పేరున ఉందన్నా?" అంది లోహిత.

"నా పేర్నే మేడమ్. రిజిస్టరు దస్తావేజు ఆ కవర్లోనే ఉండాది, సూడండి."

"దస్తావేజు బాగానే ఉంది. బిల్లులో మునిచంద్ర అని ఉందే?"

షఫీవుల్లా బిల్లు అందుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "మాకు ఇల్లు అమ్మినాయన. ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు పాకాలలో ఉండాడు."

"ఇరవై రెండేళ్లుగా పేరు మార్పించలేదా?"

"కరెంటు వస్తానే ఉండాది గదా మేడమ్!"

దిల్షాద్ బీ భర్త వైపు తిరిగి చూసింది. ఆ చూపుకు షఫీవుల్లా తలుపు వైపు రెండడుగులు జరిగాడు.

గ్యాసు పుస్తకంలో ఉన్నది పాత ఇంటి అడ్రసు. ఫోను బిల్లనేది ఎవరికీ రాదు. ఇక మిగిలిన దారి ఒకటే అంది లోహిత. బిల్లులో పేరున్న మనిషి, ఆ అడ్రసులో కంపెనీ ఆఫీసు పెట్టుకోవడానికి తనకు అభ్యంతరం లేదని సంతకం చేసి ఇవ్వాలి. ఇంగ్లీషులో రెండు వాక్యాలు టైపు చేసి చేతికిచ్చింది. "సాయంత్రం ఐదుకల్లా నా దగ్గరుండాల అన్నా. దాటితే పేరు పోతుంది. మళ్లీ మొదటికొస్తాం."

"నేను పోతా!" అన్నాడు షఫీవుల్లా.

దిల్షాద్ బీ వద్దనేలోపే ఆయన మెట్లు దిగిపోయాడు.

టీవీఎస్ బండి తీసి సగం వీధి పోయాక ఆయనకు ఒక అనుమానం తగిలింది. ఇంగ్లీషు కాగితం మీద ముసలాయన సంతకం పెడతాడా? ఆ అనుమానంతో బండిని కోర్టు వీధిలో టైపు చేసే ధనంజయ దగ్గర ఆపి, దీన్ని తెలుగులో కొట్టిమ్మన్నాడు. ధనంజయ పాతికేళ్లుగా అమ్మకపు దస్తావేజులు, వీలునామాలు కొట్టిన మనిషి. రెండే రెండు వాక్యాల కాగితం తన బల్ల మీద నుంచి పోవడం ఆయనకు నామర్దాగా తోచింది.

"ఇంత సప్పగా ఉంటే ఎవురు పెడతారు బాయ్ సంతకం? నేను కొంచెం గట్టిగా కొడతా, ఉండు," అన్నాడు.

షఫీవుల్లా బండి దిగకుండానే గడియారం చూసుకుంటున్నాడు. కాగితం చేతిలో పడగానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. 'సదరు ఇంటికి సర్వహక్కులు గల ఏకైక యజమానినైన నేను, నా స్వంత ఇష్టపూర్వకంగా' అని అది మొదలవుతుందని ఆయన చూడలేదు.

పూతలపట్టు దాటి పాకాల చేరేసరికి పన్నెండు దాటింది. మునిచంద్ర వసారాలో మంచం మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. పక్కనే కుర్చీలో ఆయన అల్లుడు జయరామ్ ఫోనులో ఎవరికో ప్లాటు గురించి చెబుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో స్థలాలు కొనిపించడం, అమ్మిపెట్టడం అతని వృత్తి.

"ఎవురప్పా?" అన్నాడు మునిచంద్ర.

"షఫీవుల్లా అయ్యా, చిత్తూరు. గిరింపేట ఇల్లు!"

ముసలాయన ముఖం వెలిగింది. "ఓహో, ఆ ఇల్లా! ముందర పెద్ద కిటికీ ఉంటాది. నేనే పెట్టించినా. బాగుండాదా?"

"బాగుండాదయ్యా. ఈ కాగితం మీద ఒక్క సంతకం కావాల."

మునిచంద్ర అద్దాల కోసం తడుముకుంటుంటే జయరామ్ కాగితం అందుకున్నాడు. చదువుతూ చదువుతూ ఫోను పెట్టేశాడు. మొదటి వాక్యం రెండోసారి పైకి చదివాడు.

"మామా, చిత్తూర్లో మనకు ఇల్లుండాదని ఎప్పుడూ చెప్పలేదే?"

"ఉన్నిందప్పా," అన్నాడు మునిచంద్ర తడబడుతూ. "అమ్మినానో, బాడిగకిచ్చినానో... శానా కాలమాయె."

పరిస్థితి చక్కదిద్దాలన్న ఆత్రంలో షఫీవుల్లాకు మర్యాద కాస్త ఎక్కువైంది. "అది మీ ఇల్లే అనుకోండయ్యా. మేము ఆడ సల్లగా ఉండేది మీ దయ వల్లనే," అన్నాడు.

"అనుకునేదేముండాది? ఈడ రాసే ఉండాది," అన్నాడు జయరామ్.

"అది టైపు కొట్టేవాడు రాసింది! ఇల్లు మాకు అమ్మినారప్పా! కరెంటు బిల్లులో పేరొక్కటే మారలేదు!"

"అమ్మింటే కరెంటు బిల్లు మా మామ పేర్న ఎందుకొస్తా ఉండాది? సరే, నీ దస్తావేజు సూపించు."

"చిత్తూర్లో ఆడిటరమ్మ దగ్గరుండాది."

"ఆహా," అన్నాడు జయరామ్. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు. "నువ్వు పదన్నా. మేము వచ్చి ఇల్లు ఒకతూరి సూసుకోని, అప్పుడు పెడతాం సంతకం."

బయటికొచ్చి షఫీవుల్లా ఇంటికి ఫోను చేశాడు. అన్నీ ఒకేసారి చెప్పబోయాడు.

"సంతకం పెట్టినాడా లేదా? అది చెప్పండి," అంది దిల్షాద్ బీ.

"లేదు. ఇల్లు సూడను వస్తా ఉండారు."

"ఎవరి ఇల్లు?"

"మనది. అంటే వాళ్లదంట. అంటే మనదే, కానీ కాగితంలో..."

ఫోను తెగిపోయింది. దిల్షాద్ బీ మిషను మోటారు ఆపి లేచింది. తర్వాత సుబ్బులమ్మను పిలిచి, లోహిత ఆఫీసుకు పోయి దస్తావేజు ఎత్తుకుని బిన్నే, ఎక్కడా ఆగకుండా రమ్మంది. సుబ్బులమ్మ పోయేసరికి ఆఫీసుకు తాళం. లోహిత బ్యాంకుకు పోయిందనీ, మూడు దాటాక వస్తుందనీ కింది అంగడివాళ్లు చెప్పారు. సుబ్బులమ్మ మెట్ల మీదే కూలబడింది.

షఫీవుల్లా బండిని ఎంత తొందరపెట్టినా అది తన మామూలు వేగమే నడిచింది. పూతలపట్టు కూడలిలో ఒక తెల్ల కారు హారను కొట్టి ఆయన్ను దాటింది. వెనకసీటు కిటికీలోంచి మునిచంద్ర ఆప్యాయంగా చెయ్యి ఊపాడు. షఫీవుల్లా కూడా చెయ్యి ఊపాడు. ఊపాక గాని తెలియలేదు తానేం చేస్తున్నాడో.

చిత్తూరు వచ్చాక కారు నేరుగా గిరింపేటకు పోలేదు. వట్టి మాటలతో ఇల్లు దక్కదని జయరామ్‌కు వృత్తిరీత్యా తెలుసు. మీటరు తన మామదేనని ఒక అధికారి నోట చెప్పిస్తే పని సులువవుతుందని అతని ఆలోచన. కరెంటాఫీసులో దయానంద్ అనే ఇంజనీరును పట్టుకుని, తమ మీటరు మీద ఎవరో కరెంటు వాడుకుంటున్నారని ఫిర్యాదు చేశాడు. దయానంద్ నిదానస్తుడు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. మునిచంద్ర చేత 'నేను సదరు మీటరు యజమానిని' అని రాయించి, సంతకం పెట్టించి తీసుకున్నాడు. పొద్దుటి నుంచి దొరకని సంతకం అక్కడ చిటికెలో పడింది.

మూడున్నరకు ముగ్గురూ ఇంటి ముందు దిగారు. వాళ్ల వెనకే, దారిలో రెండుసార్లు ఆగిపోయిన బండి మీద ఊగుతూ షఫీవుల్లా వచ్చాడు. జయరామ్ జేబులోంచి టేపు తీసి ప్రహరీ కొలవడం మొదలుపెట్టాడు. అది చూసి ఎదురింటివాళ్లు వచ్చారు. ఇల్లు వేలం వేస్తున్నారని ఒకరు, రోడ్డు వెడల్పు చేస్తున్నారని మరొకరు అన్నారు. రోడ్డు మాట వినగానే వీధిలో సగంమంది తమ ఇళ్ల ముందు తామూ కొలుచుకోవడానికి పోయారు.

మునిచంద్ర మాత్రం తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి దాని చట్రం నిమిరాడు. "సూడు జయరామూ, టేకు. ఇన్నేండ్లయినా సెదలు పట్టలా."

"కూర్చోండి పెద్దాయనా," అని దిల్షాద్ బీ కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. "ఈ ఇల్లు మీ దగ్గరే కొన్నాం. రిజిస్టరాఫీసుకు నేనూ వచ్చినా. ఆ పొద్దు మీరు నాకు సోడా తాపించినారు, గ్యాపకం లేదా?"

ముసలాయన నుదురు ముడిపడింది. సోడా ఎక్కడో కదిలినట్టుంది. ఇంతలో జయరామ్ అడ్డొచ్చాడు. "సోడాలు సాక్ష్యం కాదమ్మా. దస్తావేజు తీ."

"వస్తా ఉండాది."

"వచ్చినప్పుడు సూస్తాం. సార్, మీరు మీటరు సూడండి. ఎవరి పేర్న ఉండాదో అందరి ముందర చెప్పండి."

దయానంద్ మీటరు నంబరు చూసి పుస్తకంలో సరిపోల్చుకున్నాడు. "కె. మునిచంద్ర," అని గట్టిగా చదివాడు.

జయరామ్ వీధి మొత్తానికీ వినబడేలా, "విన్నారా?" అన్నాడు. షఫీవుల్లా గోడకు చేరగిలబడ్డాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క పూట కరెంటాఫీసుకు పోయి ఉంటే సరిపోయేదన్న ఆలోచన ఆయనకు అప్పుడు వచ్చింది. మిషన్ల దగ్గర నలుగురు ఆడవాళ్లు కుట్టడం ఆపి, రేపటి నుంచి పనుందా లేదా అన్నట్టు దిల్షాద్ బీ ముఖం చూస్తున్నారు. ఆమె కూడా గడియారం చూసింది. ఆ రోజు ఆమె గడియారం చూడడం అదే మొదలు. నాలుగు కావస్తోంది.

దయానంద్ పని ఇంకా అయిపోలేదు. ఆయన ముందుగదిలోకి వచ్చి మిషన్లు ఒకటి, రెండు అని వేలితో లెక్కపెట్టాడు. కింద వంగి మోటార్లు చూశాడు.

"ఇది ఇంటి కనెక్షను. ఈడ కార్ఖానా నడస్తా ఉండాది," అన్నాడు. సంచిలోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. "కేసు రాయాల. మీటరు యజమాని ఎవురు?"

"మా మామే సార్!" అన్నాడు జయరామ్ ఉత్సాహంగా.

"మంచిది. రండి పెద్దాయనా, ఈడ సంతకం పెట్టండి. ఎన్నేండ్ల నుంచి నడిపిస్తా ఉండారు?"

మునిచంద్ర చేతిలో మంచినీళ్ల గ్లాసు ఆగిపోయింది. "ఏం నడిపిస్తా ఉండా?"

"కార్ఖానా. నోటీసు పాకాల అడ్రసుకు పంపాల్నా?"

"నాకు కార్ఖానా యాడుండాది సార్! ఇల్లే నాది కాదు!"

"మీటరు మీదేనని గంట కిందట రాసిచ్చినారే?" దయానంద్ ఫిర్యాదు కాగితం చూపించాడు. తర్వాత జయరామ్ వైపు చెయ్యి చాపాడు. "సర్వహక్కులని ఏదో ఇంకో కాగితం కూడా సూపించినారు గదా, అదీ ఇయ్యండి. జత పెడతా."

జయరామ్ చెయ్యి జేబు మీదికి వెళ్లి, అక్కడే ఉండిపోయింది. టేపు దానంతటదే చుట్టుకుని టప్‌మని డబ్బాలో పడింది.

"సోడా!" అన్నాడు మునిచంద్ర ఉన్నట్టుండి. "గ్యాపకమొచ్చింది సార్! నిమ్మ సోడా! రిజిస్టరాఫీసు ముందర! అమ్మేసినా సార్, ఈ బాయికే అమ్మేసినా!"

"అది కాదు పెద్దాయనా..." అని దిల్షాద్ బీ ఏదో చెప్పబోయింది.

"నువ్వు మాట్లాడొద్దమ్మా! ఇల్లు నీది. కిటికీ కూడా నీదే. కాగితం పెన్ను తీసుకోని రా, ఇప్పుడే రాసిస్తా!"

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. సుబ్బులమ్మ దస్తావేజు కవరును చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని దిగింది. వెనకే లోహిత ల్యాప్‌టాప్‌తో దిగింది. లోపల ముసలాయన మిషను బల్ల మీద వంగి సొంత దస్తూరీతో గబగబా రాస్తున్నాడు. ఇల్లు ఫలానా సంవత్సరం అమ్మేశాననీ, పైకమంతా అప్పుడే ముట్టిందనీ, బిల్లులో తన పేరు పొరపాటున ఉండిపోయిందనీ, ఇంటి మీద తనకుగానీ తన వారసులకుగానీ ఏ హక్కూ లేదనీ రాశాడు.

లోహిత వెనక నుంచి చదివింది. "తాతా, ఇంకొక్క ముక్క. ఈ అడ్రసులో దిల్‌సుబ్ అనే కంపెనీ ఆఫీసు పెట్టుకోవడానికి మీకు అభ్యంతరం లేదని."

"కంపెనీ కాదు, సర్కస్ పెట్టుకోండి తల్లీ! నాకేం అభ్యంతరం?" అంటూ అదీ రాసి సంతకం పెట్టాడు. సాక్షి సంతకం జయరామ్ పెట్టాడు. ఎవరూ అడగకుండానే పెట్టాడు.

లోహిత కాగితాన్ని ఫోనుతో స్కాన్ చేసుకుని, కిటికీ కింద కూర్చుని ఫారాలు ఎక్కించడం మొదలుపెట్టింది. దిల్షాద్ బీ మాత్రం దయానంద్ ముందుకు వచ్చి నిలబడింది.

"సార్, మిషన్లు నావి, సుబ్బులువి. ఏం కేసైనా మా పేర్న రాయండి. ఆ పెద్దాయనకు దీంట్లో ఏం సంబంధం లేదు."

"వాడేవాళ్ల పేర్నే రాసేదమ్మా," అన్నాడు దయానంద్ పెన్ను మూత తీస్తూ. "ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. రేపు పొద్దున ఆఫీసుకొచ్చి పేరు మార్పుకు, వ్యాపార కనెక్షనుకు రెండు దరఖాస్తులు ఇయ్యండి. అపరాధం ఎంత కట్టాల్నో ఆడ చెప్తారు."

మునిచంద్ర ఇదంతా వినే స్థితిలో లేడు. అల్లుణ్ణి రెక్క పట్టుకుని కారు వైపు నడిపిస్తున్నాడు. సుబ్బులమ్మ వెంటబడి రెండు గుడ్డసంచులు చేతిలో పెట్టబోతే, అవి పుచ్చుకుంటే ఏ కేసు మీద పడుతుందోనని భయపడి, వద్దని రెండు చేతులూ ఊపాడు.

ఐదుకు పది నిమిషాలుండగా లోహిత "పోయింది!" అంది. ఏది పోయిందోనని షఫీవుల్లా అదిరిపడ్డాడు. ఫారం పోయిందని, పోవలసిన చోటికే పోయిందని తెలిశాక, ఆ రోజు మొదటిసారిగా కుర్చీలో కూర్చున్నాడు.

గురువారం కంపెనీ సర్టిఫికెట్ వచ్చింది. శుక్రవారం వేలూరు ఆసామి ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కంపెనీ పుట్టిన ముప్పై రోజుల్లోగా డైరెక్టర్లు సమావేశం కావాలని, ఏం నిర్ణయించారో పుస్తకంలో రాయాలని లోహిత చెబితే, దిల్షాద్ బీ, సుబ్బులమ్మ ఆ ఆదివారమే మిషన్లు ఆపి ఎదురెదురుగా కూర్చున్నారు. షఫీవుల్లా టీ తెచ్చి ఇచ్చి, పుస్తకంలో ఏం రాస్తున్నారోనని తలుపు దగ్గర అటూ ఇటూ తిరిగాడు.

కంపెనీ కాగితం ఏదైనా సరే షఫీవుల్లా చేతికి ఇవ్వరాదన్నది దిల్‌సుబ్ ప్రైవేట్ లిమిటెడ్ ఏకగ్రీవంగా ఆమోదించిన మొట్టమొదటి తీర్మానం.